వార్తను తూచే త్రాసు: రెండు డిస్కుల పోరు నేర్పిన పాఠం

దివ్యఖుర్ఆన్‌లోని 49వ సూరా 'అల్ హుజురాత్'లో ఆరవ ఆయతు విశ్వాసులకు ఒక కట్టడి విధించింది. నమ్మదగని వ్యక్తి ఒక వార్త తెచ్చినప్పుడు, దానిని విచారించి నిజం తేల్చుకోనిదే అడుగు వేయరాదన్నది దాని సారాంశం. తెలియక ఎవరికో హాని చేసి, ఆనక పశ్చాత్తాపపడే దుస్థితి రాకూడదన్నది దాని ఉద్దేశం. ఈ ఆజ్ఞను మనం ఎక్కువగా వదంతులకు, చాడీలకు, ఇంటి కలహాలకు అన్వయించుకుంటాం. అది సబబే. అయితే బజారులో వస్తువు కొనేటప్పుడు కూడా మనం వార్తల మీదనే ఆధారపడుతున్నాం. 'ఇది పదేళ్లు నిలుస్తుంది', 'ఇక ముందంతా ఇదే', 'అది పాతబడిపోయింది' అని చెప్పేవన్నీ వార్తలే. వాటిని తెచ్చేది ఎవరు, వారి మాటకు ఆధారమేమిటి అని అడిగేవారు మాత్రం అరుదు.

షరీయత్ పరిరక్షించే అయిదు మూలవిషయాలుగా ధర్మాన్ని, ప్రాణాన్ని, బుద్ధిని, వంశాన్ని, సంపదను ధర్మపండితులు పేర్కొన్నారు. సంపద ఆ వరుసలో చివర ఉన్నా, వరుసలో ఉన్నది. జిద్దాలోనో, దుబాయిలోనో ఇంటి పెద్దకొడుకు ఏళ్ల తరబడి ఎండలో నిలబడి ఆర్జించిన సొమ్మును ఒక దుకాణదారుని మాట మీద, ఒక ప్రకటన మీద ఖర్చు చేసేటప్పుడు అది అమానతు అన్న స్పృహ ఇంటివారికి ఉండాలి.

శంషాబాద్ పరిసరాలలో ఉండే మనకు ఈ సంగతిని బోధపరచడానికి చక్కని దృష్టాంతం ఒకటి ఉన్నది. 2008 మార్చి 14న ఇక్కడి అంతర్జాతీయ విమానాశ్రయానికి ప్రారంభోత్సవం జరిగింది. మార్చి 23 నుండి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. అంతవరకు బేగంపేటలో దిగిన గల్ఫ్ ప్రయాణికులు తాళ్లతో కట్టిన అట్టపెట్టెలతో శంషాబాద్‌లో దిగసాగారు. ఆ పెట్టెలలో ఖర్జూరాలు, దుప్పట్లు, అత్తరు సీసాలతోపాటు టీవీలు, డీవీడీ ప్లేయర్లు కూడా ఉండేవి. సరిగ్గా ఆ రోజులలోనే, విమానాశ్రయం పని మొదలుపెట్టడానికి సుమారు నెల ముందు, ప్రపంచ మార్కెట్లో ఒక పెద్ద పోరు ముగిసింది. 2008 ఫిబ్రవరి 19న జపాన్‌కు చెందిన తోషిబా సంస్థ తన 'హెచ్‌డీ డీవీడీ'ని విరమించుకుంటున్నట్లు ప్రకటించింది. దాని ప్రత్యర్థి 'బ్లూరే' నిలిచింది. కొన్ని వారాల ముందు ఓడిన యంత్రాన్ని కొన్నవారికి చేతిలో యంత్రం మిగిలింది గాని, దానిలో వేయడానికి కొత్త డిస్కులు రావడం ఆగిపోయింది.

దృశ్య మాధ్యమం గురించి ఉలేమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు అందరికీ తెలిసినవే. ఏది చూడదగినది, ఏది కాదు అన్న చర్చ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. పరస్పర విరుద్ధమైన సాక్ష్యాలు ముందుకు వచ్చినప్పుడు విశ్వాసి వాటిని ఎలా తూచాలన్నదే ఇక్కడి ప్రశ్న.

పోరు ఏమిటి?

డీవీడీ ఎర్రని లేజర్ కిరణంతో చదవబడుతుంది. ఒక పొర డిస్కులో 4.7 గిగాబైట్లు పడతాయి. కొత్త టీవీల స్పష్టతకు అది చాలలేదు. నీలి ఊదా కిరణం వాడితే మరింత సన్నని గుర్తులను చదవవచ్చునని సాంకేతిక నిపుణులు గ్రహించారు. ఇంతవరకు రెండు పక్షాలూ ఒకే దారిలో నడిచాయి. తోషిబా పక్షం సమాచారపు పొరను డీవీడీలో లాగానే ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంచింది. అందువల్ల పాత డీవీడీ కర్మాగారాలను తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. ఒక పొరలో 15 గిగాబైట్లు పట్టేవి. సోనీ, పానసోనిక్, ఫిలిప్స్ తదితర సంస్థల పక్షం ఆ పొరను 0.1 మిల్లీమీటరు లోతుకు తెచ్చింది. ఖర్చు పెరిగింది గాని ఒక పొరలో 25 గిగాబైట్లు పట్టాయి. 2006లో రెండు రకాల ప్లేయర్లూ దుకాణాలకు వచ్చాయి. ఒకదాని డిస్కు మరొకదానిలో పనిచేయదు.

ఇటువంటి పోరు కొత్తది కాదు. 1975లో సోనీ బీటామాక్స్ టేపును, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్ టేపును తెచ్చాయి. చివరకు 1988లో సోనీయే వీహెచ్‌ఎస్ యంత్రాలు తయారుచేయవలసి వచ్చింది. 1995లో డీవీడీ విషయంలోనూ రెండు నమూనాలు తలపడబోయాయి. కంప్యూటర్ సంస్థల ఒత్తిడితో ఉభయులూ ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నారు. 2006లో అటువంటి రాజీ కుదరలేదు. ఆ భారం కొనుగోలుదారుని మీద పడింది.

చెప్పేవానికి లాభమున్నదా?

వాదికి రుజువు, ప్రతివాదికి ప్రమాణం అన్నది దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన న్యాయసూత్రం. తన సొంత లాభానికి అనుకూలంగా ఒకడు పలికే సాక్ష్యాన్ని న్యాయాధికారి అంగీకరించడు. అతడు అబద్ధమాడుతున్నాడని కాదు, స్వార్థపు అనుమానానికి తావున్నదని.

2007 ఆగస్టులో పారామౌంట్, డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ సంస్థలు ఇకపై హెచ్‌డీ డీవీడీలోనే తమ చిత్రాలు విడుదల చేస్తామని ప్రకటించాయి. నాణ్యత, తక్కువ ధర తమ కారణాలని చెప్పాయి. ఈ నిర్ణయానికి ప్రతిఫలంగా ఆ రెండింటికీ కలిపి సుమారు 15 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ముట్టాయని అమెరికా పత్రికలు రాశాయి. అవతలి పక్షం సంగతి వేరా? సోనీ స్వయంగా చిత్రాలు తీసే సంస్థ, ప్లేయర్లు తయారుచేసే సంస్థ, బ్లూరేకు మూలకర్తలలో ఒకటి. దాని పొగడ్త కూడా కక్షిదారుని మాటే. కనుక ఉభయపక్షాల స్తుతివాక్యాలనూ త్రాసులో వేయకుండా పక్కన పెట్టవలసిందే.

కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి పాట పాడడాన్ని 'నజష్' అంటారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. లేని గుణాలు చెప్పి సరుకును పొగడడాన్ని కూడా పండితులు దీని కిందనే చేర్చారు. డబ్బు పుచ్చుకొని, ఆ సంగతి దాచి, వస్తువును మెచ్చుకునే నేటి ప్రచారకులందరూ ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. వారి మాట విని కొనేవారు కూడా గుర్తుంచుకోవాలి.

నూరు నోళ్లు, ఒకే మూలం

హదీసు శాస్త్రంలో 'ముతవాతిర్' అనబడే కథనానికి ఎనలేని బలం ఉన్నది. ప్రతి తరంలోనూ, కూడబలుక్కొని అబద్ధమాడడం అసాధ్యమైనంత మంది దానిని ఉల్లేఖించి ఉండాలి. మరొక షరతు కూడా ఉన్నది. వారు చెప్పేది కళ్లారా చూసినదో, చెవులారా విన్నదో అయి ఉండాలి గాని ఊహించినది కాకూడదు.

ఈ రెండు షరతులతో డిస్కుల పోరును చూడండి. ఒక సంస్థ ఒక ప్రకటన విడుదల చేస్తుంది. యాభై పత్రికలు దానిని అచ్చు వేస్తాయి. పాఠకుడు యాభై సాక్ష్యాలు దొరికాయని భ్రమపడతాడు. నిజానికి దొరికింది ఒక్కటే, అది కూడా కక్షిదారునిది. ఇక 'ఫలానా డిస్కే గెలుస్తుంది' అన్నది ఎవరూ చూసిన విషయం కాదు, అంచనా. వెయ్యిమంది కలిసి ఊహించినా అది ఊహగానే ఉంటుంది, ముతవాతిర్ కాజాలదు.

రెండూ నిజమే, లెక్కించినవి వేరు

2007లో అమెరికాలో బ్లూరే పక్షం తమ డిస్కులు సుమారు రెండింతలు అమ్ముడవుతున్నాయని చాటింది. హెచ్‌డీ డీవీడీ పక్షం విడి ప్లేయర్ల అమ్మకంలో తామే ముందున్నామని చాటింది. ఎవరు అబద్ధమాడారు? ఎవరూ కాదు. 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 అనే ఆటల యంత్రంలో బ్లూరే చదివే సదుపాయం ఉన్నది. దానిని లెక్కలో చేర్చితే ఒక పక్షం, చేర్చకపోతే మరొక పక్షం ముందుండేవి. ఆటల కోసం కొన్నవాడు చిత్రాల డిస్కులు కొంటాడా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు డిస్కుల అమ్మకంలో దొరికింది. కనుక ఆ రెండు అంకెలలో డిస్కుల లెక్కకే ఎక్కువ బరువు ఉన్నది. అంకె వినగానే, దేనిని లెక్కపెట్టారు, దేనిని వదిలేశారు అని అడగడం మన పిల్లలకు నేర్పాలి.

లోపం మూలంలోనా, చెప్పినవానిలోనా?

హదీసు పండితులు ఉల్లేఖకుల పరంపరను, మూలపాఠాన్ని వేర్వేరుగా పరీక్షిస్తారు. ఉల్లేఖకుని జ్ఞాపకశక్తి బలహీనమైనదని తేలితే ఆ మార్గం మాత్రమే బలహీనమవుతుంది. అదే మాట మరొక దృఢమైన మార్గంలో రావచ్చు.

2006 వేసవిలో తొలి బ్లూరే చిత్రాలను చూసిన పలువురు పెదవి విరిచారు. బొమ్మ మసకగా ఉన్నదని రాశారు. వారు చూసింది నిజమే. అయితే అప్పటి శాంసంగ్ ప్లేయరులో బొమ్మలోని గరుకును తగ్గించే అమరిక ఎక్కువగా పనిచేస్తూ చిత్రాన్ని మెత్తబరిచింది. దానికితోడు తొలి డిస్కులు కొన్నింటిని పాత కుదింపు పద్ధతిలో, ఒకే పొరలో ఇరికించి తయారుచేశారు. అంటే దోషం ఒక ప్లేయరుది, కొన్ని డిస్కులది. 'బ్లూరేలో పస లేదు' అని తీర్పు చెప్పినవారు ఉల్లేఖకుని దోషాన్ని మూలపాఠానికి అంటగట్టారు. ఇంట్లో కొత్త వస్తువు మొరాయించినప్పుడు మనం చేసే పొరపాటు కూడా ఇదే. తీగలో ఉన్న లోపానికి యంత్రాన్ని తిడతాం.

మన హైదరాబాదుకు ఈ శాస్త్రంతో గాఢమైన సంబంధం ఉన్నది. ఉల్లేఖకుల గుణదోషాలను తూచే 'జర్హ్ వ తాదీల్' శాస్త్రంలో మకుటాయమానమైన గ్రంథాలు ఈ నగరంలోనే అచ్చయ్యాయి. 1888లో స్థాపితమై, నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇబ్నె హజర్ గారి 'తహ్జీబుత్ తహ్జీబ్'ను హిజ్రీ 1325-27 సంవత్సరాలలో 12 సంపుటాలుగా ప్రచురించింది. ఇబ్నె అబీ హాతిమ్ గారి 'అల్ జర్హ్ వత్ తాదీల్' కూడా ఇక్కడి నుండే, యెమెన్ పండితుడు అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ గారి పరిష్కరణతో వెలువడింది. అరబ్బు దేశాల విద్యార్థులు సైతం ఈ ప్రతులను ఆశ్రయించారు.

ఆ శాస్త్రంలోని ఒక నియమం మన బజారు వ్యవహారానికి అచ్చంగా సరిపోతుంది. కారణం చెప్పని పొగడ్తకంటే కారణం వివరించిన విమర్శకు ఎక్కువ విలువ ఉన్నది. పదిమంది 'చాలా బాగుంది' అంటారు. ఒక్కడు 'ఈ ప్లేయరు గీతపడిన డిస్కును చదవదు, మూడు డిస్కులు వేసి చూశాను' అంటాడు. ఆ ఒక్కని మాట బరువైనది. ఎందుకంటే దానిని మనం స్వయంగా పరీక్షించుకోవచ్చు.

మాటిచ్చినది చేతికందినది కాదు

తక్కువ సామర్థ్యమన్న విమర్శకు సమాధానంగా తోషిబా 2007లో 51 గిగాబైట్ల మూడు పొరల డిస్కును ప్రకటించింది. ఆ డిస్కులో ఒక్క చిత్రమైనా మార్కెట్లోకి రాలేదు. వాగ్దానాన్ని సరుకుగా లెక్కగట్టకూడదని మన ఫిఖ్ గ్రంథాలు వ్యాపార అధ్యాయాలలో పదే పదే హెచ్చరించేది ఇందుకే. చేతిలో లేనిదానిని అమ్మడంలో 'గరర్' అనే అనిశ్చితి ఉన్నది.

ధర సంగతి కూడా ఇటువంటిదే. 2007 నవంబరులో అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాలు తోషిబా ప్లేయరును 98.87 డాలర్లకు అమ్మాయి. అక్కడి మన తెలుగు కుటుంబాలకు కూడా అది ఊరించే ధర. చౌక ధర ఒక సాక్ష్యమే, కాని దేనికి సాక్ష్యం? అమ్మేవాని తొందరకు సాక్ష్యం, వస్తువు ఆయుష్షుకు కాదు. పాత డీవీడీలను కొంత మెరుగ్గా చూడడానికి కొన్నవానికి ఆ సొమ్ము వృథా కాలేదు. భవిష్యత్తు ఇదేనని నమ్మి డిస్కులు కూడబెట్టినవాడే నష్టపోయాడు.

సాక్ష్యాలు ఢీకొన్నప్పుడు

ఆధారాలు పరస్పరం విభేదించినప్పుడు ఉసూల్ పండితులు కొన్ని మార్గాలు చూపారు. రెండింటినీ సమన్వయపరచడం 'జమ్అ'. బలమైనదానిని ఎంచుకోవడం 'తర్జీహ్'. రెండూ కుదరనప్పుడు ఆగిపోవడం 'తవఖ్ఖుఫ్'. వీటిలో ఏది ముందన్న విషయంలో హనఫీ, షాఫయీ పండితుల వరుసలు వేరైనా, ఆగిపోవడం కూడా ఒక శాస్త్రీయ నిర్ణయమేనన్నది ఉభయులకూ సమ్మతం.

2007 డిసెంబరులో ఒక వివేకి ముందు ఏమున్నది? సోనీ, ఫాక్స్, డిస్నీ చిత్రాలు బ్లూరేలోనే. యూనివర్సల్, పారామౌంట్ చిత్రాలు హెచ్‌డీ డీవీడీలోనే. వార్నర్ రెండింటిలోనూ. జమ్అ చేయాలంటే రెండూ చదివే ఎల్‌జీ ప్లేయరు ఉన్నది గాని, 2007 ఆరంభంలో దాని ధర సుమారు 1,200 డాలర్లు. తర్జీహ్ చేయాలంటే డిస్కుల అమ్మకం, ఎక్కువ చిత్రసంస్థల మద్దతు బ్లూరే వైపు మొగ్గుతున్నాయి. అయినా పోరు ముగియలేదు. అత్యవసరం కాని వస్తువు విషయంలో తవఖ్ఖుఫ్ ఉత్తమమైనది. ఆగినవానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2008 జనవరి 4న వార్నర్ బ్లూరే వైపు చేరుతున్నట్లు ప్రకటించింది. ఫిబ్రవరి 15న వాల్‌మార్ట్ హెచ్‌డీ డీవీడీ అమ్మకాన్ని విరమిస్తామన్నది. నాలుగు రోజులకు తోషిబా చేతులెత్తేసింది. 2009లో ఆ సంస్థే బ్లూరే కూటమిలో చేరింది.

ఇక్కడ వ్యాపారులకు ఒక మాట. దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగిలినప్పుడు వర్తకుని మందలించి, తడిసిన గింజలను పైననే ఉంచవలసిందని బోధించిన సంఘటన మనకు సుపరిచితం. ఒక ఫార్మాట్ ఆగిపోయిందని తెలిసి కూడా ఆ సంగతి చెప్పకుండా దాని యంత్రాన్ని అంటగట్టడం తడి గింజలను రాశి అడుగున దాచడమే.

మన ఇళ్లలో లెక్క వేరు

అమెరికాలో ఏ డిస్కు గెలిచినా, ఆ రోజులలో తెలుగు ఇళ్లలో అసలు ఎంపిక వీసీడీకి, డీవీడీకి మధ్యనే. వీసీడీలో 74 నిమిషాలే పడతాయి, బొమ్మ స్పష్టత తక్కువ. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. ఆరు రూపాయల తేడాకు, సుమారు ఏడింతల సామర్థ్యం దొరుకుతున్నప్పుడు తర్జీహ్ కష్టం కాదు. పైగా డీవీడీ ప్లేయర్లు వీసీడీలను కూడా చదివేవి. పాతదానిని వెంట తీసుకుపోయే కొత్తది, పాతదానిని విసిరేసే కొత్తదానికంటే మేలైనది.

విమానాశ్రయంలో దిగే సామానుకు మరికొన్ని ప్రశ్నలు ఉన్నాయి. డీవీడీలకు ప్రాంతాల సంకేతాలు ఉంటాయి. మనది 5, గల్ఫ్ దేశాలది 2, అమెరికాది 1. బ్లూరేలో మనది సీ, గల్ఫ్‌ది బీ, అమెరికాది ఏ. అక్కడ కొన్న ప్లేయరులో ఇక్కడి డిస్కు ఆడకపోవచ్చు. ఇంట్లో తీసిన నికాహ్, వలీమా డిస్కులకు ఈ సంకేతం సాధారణంగా ఉండదు గాని, మన పాల్ పద్ధతి డిస్కు అమెరికాలోని చెల్లెలి ఎన్‌టీఎస్‌సీ ప్లేయరులో ఆడకపోవచ్చు. సుంకం కూడా ధరలో భాగమే. 2013 ఆగస్టు 26 నుండి ప్రయాణికులు తెచ్చే ఫ్లాట్ టీవీలకు ఉచిత పరిమితిని తొలగించి 36 శాతం పైచిలుకు సుంకం విధించారు. దుబాయిలో చౌక అన్న వార్త ఆ దెబ్బతో బలహీనపడింది. నియమాలు మారుతుంటాయి కనుక ప్రయాణానికి ముందు విచారించుకోవాలి.

గెలిచినది కూడా శాశ్వతం కాదు

బ్లూరే గెలిచింది. ఆ తరువాత కొన్నేళ్లకే డిస్కు అన్నదే చాలా ఇళ్ల నుండి తప్పుకొని, ఆ స్థానంలో ఫోను, అంతర్జాలం వచ్చాయి. శాశ్వతత్వం అల్లాహ్‌కే చెందినది. మనకు ముఖ్యమైన ప్రశ్న, ఏ డిస్కు గెలిచిందన్నది కాదు, దానిలో మనం ఏమి దాచామన్నది.

నేటికీ అనేక ఇళ్లలో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, వీసీడీలు ఇనుప పెట్టెలలో, అటకల మీద పడి ఉన్నాయి. నికాహ్ వేళ ఖాజీ సాహెబు చదివిన ఖుత్బా, కన్నుమూసిన నానీ గొంతు, తాతగారి ఖుర్ఆన్ పారాయణం వాటిలో ఉన్నాయి. అంగడిలో కొన్న చిత్రం పోతే మరొకటి దొరుకుతుంది. ఇవి పోతే దొరకవు. ఇంట్లో రాసే డిస్కులో సమాచారాన్ని ఒక రంగు పొర మీద లేజరుతో ముద్రిస్తారు. ఎండకు, వేడికి ఆ పొర చెడుతుంది. రేకుల కప్పు కింద మే నెల వేడిని తట్టుకోవడం దానికి కష్టం. కనుక ముందుగా టేపులను, తరువాత డిస్కులను కంప్యూటరులోకి ఎక్కించండి. రెండు వేర్వేరు రకాల సాధనాలలో రెండు ప్రతులు చేసి, ఒకటి మరొక బంధువు ఇంట ఉంచండి. ఏడాదికొకసారి తెరిచి చూడండి. ఒకే ఉల్లేఖకుని మీద ఆధారపడిన కథనం ఎంత సున్నితమో, ఒకే ప్రతి మీద ఆధారపడిన జ్ఞాపకం కూడా అంతే సున్నితమైనది.

ఇక ఏ వస్తువు కొన్నా ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట చెప్పినవానికి లాభమున్నదా? ఇది చూసి చెప్పినదా, ఊహించినదా? పదిమంది చెబుతున్నది పది మూలాల నుండి వచ్చినదా, ఒకే మూలం నుండా? అంకె దేనిని లెక్కించింది? ఇప్పుడే కొనకపోతే జరిగే నష్టమేమిటి? చివరి ప్రశ్నకు జవాబు 'ఏమీ లేదు' అయితే, ఆగడమే మేలు. విమానాశ్రయం నుండి వచ్చే పెట్టెకు ఈ ప్రశ్నలు ఎంత అవసరమో, వీసా ఇప్పిస్తానని వచ్చే ఏజెంటుకు, ఫోనులో వచ్చే మందుల సలహాకు అంతకంటే ఎక్కువ అవసరం.

వార్తను విచారించే వివేకాన్ని, కష్టార్జితాన్ని దుబారా నుండి కాపాడుకునే శక్తిని, మన పెద్దల జ్ఞాపకాలను అమానతుగా భద్రపరిచే శ్రద్ధను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.